క్రమసంఖ్యా ప్రామాణ్యము - లక్ష్యవేధపు తుపాకుల చరిత్ర

లక్ష్యశబ్దము వైయాకరణులకును ధానుష్కులకును సమానమైన సొత్తు. ధానుష్కునకు లక్ష్యమనఁగా బాణము తాఁకవలసిన గుఱి. వైయాకరణునకు లక్ష్యమనఁగా సూత్రము సమర్థింపవలసిన ప్రయోగము. ఈ రెండర్థములును ఒక్కచోటఁ గలసికొను పరిశ్రమ యొకటి పాశ్చాత్యదేశములందుఁ గలదు. గుఱిపందెములకై నిర్మింపఁబడిన ప్రాఁత రైఫిలు తుపాకులను సేకరించి, వానిపై ముద్రింపఁబడిన క్రమసంఖ్యలను వ్రాసికొని, ఆ సంఖ్యలనుండి యొక్కొక్క తుపాకి పుట్టిన చోటును, కాలమును, పొందిన మార్పులను నిర్ణయించుటయే యా పరిశ్రమ. పందెగానికిఁ దుపాకి సాధనము. పరిశోధకునకుఁ దుపాకియే లక్ష్యము.

దీనిని ధనవంతుల వినోదముగా నెంచువారు కలరు. కాని శాసనములను, తాళపత్రములను పరిశీలించువారి కెదురగు చిక్కులన్నియు నిందును గలవు. కూటశాసనములవంటి కూటముద్ర లిందుఁ గలవు. లేఖకప్రమాదములవంటి ముద్రకప్రమాదములు గలవు. నష్టమైన దస్తరములు గలవు. ఒక్క భేదము మాత్రము గమనింపఁదగినది. శాసనకాలము తప్పుగా నిర్ణయించినచో రాజవంశావళి చెడును; తుపాకి సంఖ్యను తప్పుగాఁ జదివినచోఁ జదివినవాని కన్నే పోవచ్చును. ఇది యతిశయోక్తి కాదని ముందు విశదమగును.

రైఫిలు పందెములు సుస్థిరమైన నియమములతో నడచుట 19వ శతాబ్ది యుత్తరార్ధమున నారంభమైనది. ఇంగ్లండులో జాతీయ రైఫిలు సంఘము 1859లో స్థాపింపఁబడెను. 1860 జూలై 2వ తేదీని వింబుల్డను మైదానమున విక్టోరియారాణి 400 గజముల దూరమునుండి తొలి గుండు పేల్చెను. ఆ విట్వర్తు తుపాకి ముందుగనే యొక పీఠముపై బిగింపఁబడి గుఱి సరిచేయఁబడియుండెను. రాణి పట్టుత్రాటిని లాఁగినంతనే గుండు వెడలి, గుఱి నడిమికి రెండంగుళముల లోపలఁ దగిలెను. తుపాకి చక్కఁగా నమర్పఁబడినచోఁ బేల్చువాని నేర్పుతోఁ బనిలేకయే గుండు గుఱిఁ జేరఁగలదని యా యొక్క ప్రేలుడు లోకమునకుఁ దెలిపినది. నాఁటినుండి పందెగాని నైపుణ్యముతోపాటు తుపాకి నిర్మాణమును బరీక్షావిషయ మయ్యెను.

అమెరికాలో నిట్టి సంఘమే 1871లో న్యూయార్కునఁ బుట్టినది. లాంగ్ ఐలండులోని క్రీడ్‌మూరు మైదానము 1873లో తెఱవఁబడినది. మఱుసటి యేఁట, అనఁగా 1874 సెప్టెంబరు 26వ తేదీని, ఐర్లండు వీరులకును అమెరికావారికిని అచ్చట జరిగిన పందెము ప్రసిద్ధము. పక్షమునకు ఆఱుగురు చొప్పున 800, 900, 1,000 గజముల దూరములనుండి యొక్కొక్కరు పదునైదేసి గుండ్లు పేల్చిరి. ఐర్లండువారివి మూతినుండి మందు కూరెడి రిగ్బీ తుపాకులు. అమెరికావారివి వెనుకనుండి తూటా నింపెడి రెమింగ్టను, షార్ప్సు తుపాకులు. అమెరికాకు 934, ఐర్లండునకు 931 వచ్చినవి. ఐర్లండు వీరుఁడు మిల్నరు 900 గజములయొద్దఁ బేల్చిన గుండొకటి సరిగా నడిమినే తగిలినది. కాని తగిలినది తనది కాని గుఱిపలకకు. నడిమి దెబ్బకు నాఁడు నాలుగు గణనములు. అవి లెక్కకు వచ్చియుండినచో ఐర్లండునకు 935 అయి గెలుపు వారిదే యయ్యెడిది. దెబ్బ తప్పలేదు, పలక మాఱినది. క్రమసంఖ్యలను జదువువారికి నిది మఱవరాని పాఠము: సంఖ్యను నిర్దోషముగాఁ జదివియు వేఱొక కర్మాగారపుఁ బట్టికతో సరిచూచినవానికి మిల్నరు గతియే పట్టును.

ఇఁక సంఖ్యల పుట్టుక. తుపాకులపై సంఖ్యలు వేయుట మొదట రాజశాసనముచేతఁ గలిగినది కాదు. రిగ్బీవంటి గృహములలో నొక్కొక్క తుపాకికి సంఖ్య నిచ్చి, కొన్నవాని పేరుతో లెక్కపుస్తకమున వ్రాసెడివారు. ఆ పుస్తకము లుండుటచేతనే యా తుపాకుల చరిత్ర నేఁటికిని దెలియుచున్నది. సైనికశాల లందు వేలకొలఁది తుపాకు లొకేరీతిగాఁ దయారగుచుండుటచే, ఏది యే దళమున కిచ్చినదో తెలియుటకు సంఖ్య యక్కఱకు వచ్చినది. అమెరికాలో 1938వ సంవత్సరపు శాసనము సంఖ్యను చెఱిపిన తుపాకిని రాష్ట్రమునుండి రాష్ట్రమునకుఁ బంపుటను నేరముగాఁ జేసినది. 1968వ సంవత్సరపు శాసనము నిర్మాతలందఱును ప్రతి తుపాకికిని సంఖ్య వేయవలెనని విధించినది. అంతకుముందు చిన్న తూటాల చవుక తుపాకు లనేకము సంఖ్య లేకయే యమ్ముడుపోయినవి. కాఁబట్టి సంఖ్య లేకుండుట సర్వత్ర దోషము కాదు. ఉండవలసిన కాలమున లేకుండుటయే దోషము. భారతదేశమున 1959వ సంవత్సరపు ఆయుధశాసనమును గుర్తులు లేని తుపాకిని గొనుటను, కలిగియుండుటను, అమ్ముటను నిషేధించినది.

సంఖ్య యెచ్చట నుండునో తెలియనిదే దాని యర్థము తెలియదు. తుపాకికి గొట్టము, కొయ్యదిమ్మ, తూటాను మూయు బోల్టు మున్నగు నవయవములు గలవు. వీని నన్నిటిని గలుపుచు గొట్టము మొదలు బిగింపఁబడు ఉక్కుభాగమునకు రిసీవరని పేరు. తూటా ప్రేలునపుడు పుట్టెడి యొత్తిడిని బోల్టును రిసీవరును గలసి యాపవలెను. ప్రధానమైన క్రమసంఖ్య సాధారణముగా దీనిపైననే యుండును. గొట్టము లఱిగిపోవును, దిమ్మలు విఱిగిపోవును, వానిని మార్చుచుందురు, రిసీవరు నిలుచును. విభక్తులు మాఱినను బ్రాతిపదిక మాఱనట్లు, తక్కినవి మాఱినను తుపాకి పేరు రిసీవరు ననుసరించియే యుండును. కాని యిందుననే మోసమునకుఁ దావున్నది. రిసీవరుపైని సంఖ్య రిసీవరునకే సాక్షి; దానికి బిగింపఁబడిన గొట్టమునకు సాక్షి కాదు.

ఈ న్యాయమునకు మంచి యుదాహరణము అమెరికాలోని 1903వ సంవత్సరపు స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు. మసాచుసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి ప్రభుత్వాయుధశాల 1794లో స్థాపితమై 1968లో మూయఁబడినది, నేఁడది ప్రదర్శనశాల. 1903లో నంగీకరింపఁబడిన రైఫిలు స్ప్రింగ్‌ఫీల్డునందును, ఇల్లినాయి రాష్ట్రమందలి రాక్ ఐలండు ఆయుధశాలయందును దయారైనది. ఆ 1903వ సంవత్సరముననే పౌరులలో గుఱివిద్యను బెంపొందించుటకు జాతీయసమితి యొకటి యేర్పడెను. ఒహాయో రాష్ట్రమందలి క్యాంపు పెర్రీలో 1907నుండి జాతీయపందెములు జరిగినవి. ఈ సమితి మార్గమున సైనికరైఫిళ్లు పౌరుల చేతికిని వచ్చెను. అందుచే యుద్ధమునకుఁ బుట్టిన తుపాకియే పందెమునకును బ్రధానసాధన మయ్యెను.

రెండు కర్మాగారములును వేఱువేఱుగా ఒకటినుండి సంఖ్యలు వేసికొనుచుఁ బోయినవి. కావున నొకే సంఖ్య గల రెండు తుపాకులు పుట్టుట సహజము. సంఖ్యకు ముందు కర్మాగారనామమును జదువనిచో నర్థనిర్ణయము కాదు. అనేకార్థశబ్దమునకుఁ బ్రకరణము నర్థనియామకమని యాలంకారికులు చెప్పినట్లు, ఇచట రిసీవరుపై సంఖ్యకు మీఁదుగాఁ జెక్కిన యూరిపేరే సంఖ్యకుఁ బ్రకరణము.

1917లో అమెరికా ప్రథమ ప్రపంచయుద్ధమునఁ బ్రవేశించినపుడు కొన్ని స్ప్రింగ్‌ఫీల్డు రైఫిళ్ల రిసీవర్లు పేల్చునపుడు ముక్కలై పోయినవి. విచారణ జరుపఁగాఁ గారణము కొలిమిలోఁ గనఁబడినది. ఉక్కును సమ్మెటకు ముందెంత కాఁచవలెనో పనివారు రంగును గంటితోఁ జూచి నిర్ణయించుచుండిరి. వారు చిరకాలానుభవము గలవారే. కాని యెండ మిక్కిలిగాఁ గాయు దినమునఁ గాఁగిన యుక్కు కంటికి మందముగాఁ గానవచ్చును. మబ్బుదినమున నదియే ప్రకాశవంతముగాఁ దోఁచును. ఎండదినములలో, చాలినంత కాఁగలేదని తలఁచి, మఱింత కాఁచుచు వచ్చిరి. వేఁడిమిని గొలుచు పైరోమీటరు యంత్రములను దెచ్చి పెట్టఁగా నుక్కు ఉండవలసినదానికంటె 300 ఫారన్‌హైటు డిగ్రీలవఱకు నధికముగాఁ గాఁగుచున్నట్లు తేలినది. అట్లు మాడిన యుక్కు కఠినమే కాని పెళుసు. తూటా సరిగా నున్నంతవఱకు నిలుచును; తూటా వెనుకభాగము పగిలి వాయువు వెనుకకుఁ దన్నినచో గాజువలెఁ బగులును.

అప్పుడు కొలిమి పద్ధతి మార్చి, ఉక్కునకు రెండుమాఱులు పదును పెట్టు విధానమును బ్రవేశపెట్టిరి. స్ప్రింగ్‌ఫీల్డులో 1918 ఫిబ్రవరిలో, రమారమి 800,000 సంఖ్యయొద్ద, మార్పు జరిగెను. రాక్ ఐలండులో 1918 మేలో 285,507 సంఖ్యయొద్ద జరిగెను. ఈ మేరలకుఁ గ్రిందివానికి ‘తక్కువ సంఖ్యల’ తుపాకులని పేరు వచ్చినది. రెండు కర్మాగారములందును గలిపి యట్టివి పదిలక్షలకుఁ బైమాట.

ఇప్పుడు 300,000 అను సంఖ్యను దీసికొందము. స్ప్రింగ్‌ఫీల్డు పేరు క్రింద నీ సంఖ్య యున్నచో నది పాఁత కొలిమిలోనిది, శంకింపఁదగినది. రాక్ ఐలండు పేరు క్రింద నదే సంఖ్య యున్నచోఁ గ్రొత్త విధానమునఁ బదునుపెట్టఁబడినది. సంఖ్య యొకటే, ఊరు వేఱు, ఫలము వేఱు. సంఖ్యనుమాత్రము గుర్తుంచుకొని యూరును మఱచువాఁడు దుష్టమును శిష్టమనియు, శిష్టమును దుష్టమనియు గ్రహించును. సేకర్తలు తమ పట్టికలలో మొట్టమొదటి గడిలోఁ గర్మాగారనామమును వ్రాయుటకిదియే కారణము.

ఈ విషయమును లోకమునకు వివరముగాఁ దెలిపినవాఁడు జూలియన్ హాచరు అను సేనాని. ఆయన 1947లో వెలువరించిన హాచర్స్ నోట్‌బుక్ అను గ్రంథమున 1917 మొదలు 1929 వఱకుఁ బగిలిన 68 రిసీవర్ల పట్టిక నిచ్చెను. వాని క్రమసంఖ్య లందు గలవు. 68 అనునది పదిలక్షలలో నత్యల్పమే. కాని యా పట్టిక యొక్క విలువ దాని పరిమాణమున లేదు. ఏ తుపాకి, ఏ సంఖ్య, ఎట్లు పగిలినది యను మూఁడంశములను నొకే పంక్తిలో నుంచుటచే, పెళుసుదనము ఎక్కడనుండి యెక్కడివఱకు వ్యాపించినదో సంఖ్యలే చెప్పినవి. సంఖ్యలు లేనిచో 68 ప్రమాదములును 68 దురదృష్టములుగా మిగిలియుండెడివి; సంఖ్యలుండుటచే నవి యొక్క కొలిమి దోషమునకు 68 లక్ష్యములైనవి. పిమ్మట బాగుచేతకై ఆయుధశాలలకు వచ్చిన తుపాకుల తక్కువసంఖ్యల రిసీవర్లను మరల వాడక తొలఁగించుచు వచ్చిరి. అయినను పౌరుల చేతిలోఁ జేరినవి చేరియే యున్నవి. నేఁటికిని నట్టివానిని గొనువారు కలరు. వానిని గోడకు వ్రేలాడఁదీయుటయా, పేల్చుటయా యను ప్రశ్నకు రిసీవరుపై నూరును సంఖ్యయుఁ గలసియే ప్రత్యుత్తరము చెప్పును.

పందెములకై ప్రత్యేకముగాఁ దయారైన స్ప్రింగ్‌ఫీల్డు రైఫిళ్లకు ‘నేషనల్ మ్యాచ్’ అని పేరు. 1921నుండి యివి యా పేరుతో వెలువడినవి. వీని గొట్టములను స్టార్ గేజి యను కొలపరికరముతోఁ బరీక్షించెడివారు. గొట్టములోనికిఁ బోవు సన్నని కమ్మి చివర ముందుకు వెనుకకుఁ గదలు చిన్న మొన లుండును. అవి గొట్టపు లోపలి వ్యాసమును అంగుళములో పదివేలవ వంతువఱకుఁ జూపును. ఈ విధముగా గొట్టము పొడవునఁ గొలిచి, సమముగా నున్న గొట్టములకు మూతిపై నక్షత్రాకారమైన ముద్ర వేసెడివారు. కొలతలు వ్రాసిన పత్రమును తుపాకివెంట నిచ్చెడివారు. బోల్టుపైఁ గూడ రిసీవరు సంఖ్యను విద్యుల్లేఖినితో గీసెడివారు.

ఈ నక్షత్రముద్రకు వెల హెచ్చుటచే దానిని దొంగిలించువారు బయలుదేఱిరి. సామాన్యమైన సైనికరైఫిలు గొట్టముపై నొక చిన్న నక్షత్రమును గొట్టి, దానిని పందెపుఁదుపాకిగా నమ్మజూపుదురు. భూదానము లేనివాఁడు తామ్రశాసనమును గల్పించుట వంటిదే యిది. కూటశాసనమును బట్టుకొనుటకు శకవర్షమును తిథివారములతో సరిచూచినట్లు, ఇచటను బరస్పరసంవాదమే పరీక్ష. గొట్టపు మూతికి వెనుకగా నాయుధశాల యక్షరములును, మాసవర్షములును ముద్రింపఁబడియుండును. ఆ మాసమును రిసీవరు సంఖ్యకుఁ దగిన కాలమును దగ్గఱగా నున్నవా యని మొదట చూడవలెను. బోల్టుపై గీఁతసంఖ్య రిసీవరు సంఖ్యతో సరిపడునా యని తరువాతఁ జూడవలెను. నక్షత్రపు గీఁతల పొందిక నిర్వివాదమైన తుపాకుల నక్షత్రములతో నొప్పునా యని పిమ్మట జూడవలెను. కట్టకడపట, ఆ సంఖ్య సర్కారు దస్తరములలో నేమని వ్రాయఁబడియున్నదో వెదకవలెను.

తక్కువసంఖ్య గల రిసీవరున్న తుపాకి నొకఁడు 1921 తరువాతి నేషనల్ మ్యాచని చెప్పినచో దానిపై నక్షత్ర మెంత చక్కఁగా నున్నను వాదము నిలువదు. అప్పటికిఁ గ్రొత్త రిసీవర్లే కర్మాగారమునుండి వచ్చుచుండెను. అందలి గొట్టము నిజముగాఁ బరీక్షింపఁబడినదే కావచ్చును, తరువాతఁ దెచ్చి బిగించినదై యుండవచ్చును. నక్షత్రము గొట్టమునకు సాక్షి. సంఖ్య రిసీవరునకు సాక్షి. రెండును గలసి తుపాకికి సాక్షులగుటకు మూఁడవ ప్రమాణము కావలెను.

ఆ మూఁడవ ప్రమాణమే దస్తరము. అమెరికా ప్రభుత్వపు ప్రాచీనపత్రాగారమునఁ గోట్లకొలఁది కాగితములలో నచ్చటచ్చట తుపాకుల సంఖ్యలు వ్రాయఁబడియున్నవి: దళమున కిచ్చిన జాబితాలలో, బాగుచేతకుఁ బంపిన లేఖలలో, పోయిన తుపాకిని గూర్చిన విచారణలలో, పౌరుల కమ్మిన వివరములలో. 20వ శతాబ్దపుఁ జివరి దశకములలో ఫ్రాంక్లిన్ మాలరీ యను పరిశోధకుఁడు స్ప్రింగ్‌ఫీల్డు రిసెర్చి సర్వీసను పేర నీ కాగితములఁ బరిశీలించి, దొరకిన సంఖ్యలను నాలుగు సంపుటములుగాఁ బ్రకటించెను. అందుఁ గొన్ని సంఖ్యలే గలవు; అధికభాగము లేవు. పట్టికలో లేకుండుట తుపాకి కూటమనుటకు హేతువు కాదు. అనుపలబ్ధి యభావమును సాధింపవలెనన్న, ఉన్నచో దొరకితీరవలెనను నియమము ముందుండవలెను. శిథిలదస్తరమునం దట్టి నియమము లేదు. ఈ న్యాయము నెఱుఁగక, పట్టికలో లేని మంచి తుపాకులను దిరస్కరించినవారును, సమీపసంఖ్య పట్టికలో నున్నదని సంతోషించి ధనము పోఁగొట్టుకొన్నవారును గలరు.

దస్తరము దొరకినను ఏ దస్తరమో విమర్శింపవలెను. కనెక్టికటు రాష్ట్రమందలి న్యూ హేవెనులోని విన్‌చెస్టరు కర్మాగారమువారి తుపాకులను గూర్చి జార్జి మేడిసు తన గ్రంథములలో సంఖ్యలకు సంవత్సరములు చెప్పెను. చిరకాల మవియే ప్రమాణము. వయోమింగు రాష్ట్రమందలి కోడీ నగరపు ప్రదర్శనశాలలో భద్రపఱుపఁబడిన కర్మాగారపు మెఱుగుగది దస్తరములతోఁ బోల్చినపుడు కొన్ని రకములకు సంవత్సరములు వేఱుగాఁ గనఁబడినవి. మెఱుగుగదిలో వ్రాసినది రిసీవరుపై సంఖ్య పడిన దినము. ఆ రిసీవరు పిమ్మట నెలలకొలఁది గోదాములో నుండవచ్చును. గొట్టము బిగించి తుపాకి పూర్తియైన దినము వేఱు. వర్తకునకుఁ బంపిన దినము మఱియొకటి. కావ్యమునకు రచనాకాలము, ప్రతిలేఖనకాలము, ముద్రణకాలము వేఱుగా నుండునట్లే తుపాకికిని సంఖ్యాకాలము, సంధానకాలము, ప్రేషణకాలమని మూఁడు కాలములు గలవు. ‘ఇది యే సంవత్సరపుఁ దుపాకి?’ అను ప్రశ్న కుత్తరము చెప్పఁబోవువాఁడు మొదట ఏ కాలము నడిగితిరని మరల నడుగవలెను.

విన్‌చెస్టరువారి 52వ నమూనా చిన్న తూటాల పందెపు రైఫిళ్లలోఁ బేరుగన్నది. 1919లో న్యూ జెర్సీ రాష్ట్రమందలి కాల్డ్‌వెల్ పందెములలో మొదట వచ్చిన యీ తుపాకి అఱువది యేండ్లు తయారైనది. సంఖ్యలు లక్షను దాఁటినవి. నిర్మాణమునఁ బ్రధానమైన మార్పు వచ్చినపుడెల్ల సంఖ్య చివర ఏ, బీ, సీ, డీ, ఈ యను నక్షరములను వరుసగాఁ జేర్చిరి. 1961లో వచ్చిన డీ రకమున నొక్కొక్క తూటానే చేతితోఁ బెట్టవలెను, తూటాలపెట్టె లేదు. ఇట్లు సంఖ్య కాలమును దెలుపఁగా, చివరి యక్షరము రూపమును దెలుపును. సంఖ్య ప్రకృతి, అక్షరము ప్రత్యయము.

స్ప్రింగ్‌ఫీల్డువారి 1922వ సంవత్సరపు చిన్నతూటాల రైఫిలునందు నిట్టి యక్షరములే కలవు కాని వాని ప్రయోజనము వేఱు. మొదటి రూపపుఁ దుపాకిని మరల కర్మాగారమునకుఁ దెచ్చి తరువాతి రూపమునకు మార్చినపుడు పాఁత సంఖ్యను జెఱుపక, దాని చివర ఏ యనియో బీ యనియో చేర్చిరి. విన్‌చెస్టరునందలి యక్షరము పుట్టుకతో వచ్చినది; స్ప్రింగ్‌ఫీల్డునం దది సంస్కారముతో వచ్చినది. వ్యాకరణమున నాదేశము శత్రువువలెఁ బూర్వవర్ణమును దొలఁగించి నిలుచును. ఆగమము మిత్రునివలెఁ బ్రక్కను జేరును. స్ప్రింగ్‌ఫీల్డు పనివా రాగమమునే పాటించిరి. అందుచే నొక్క సంఖ్యలోఁ దుపాకి పూర్వజన్మమును, ఉత్తరజన్మమును గూడఁ జదువనగుచున్నది. పాఁతసంఖ్యను చెఱిపి క్రొత్తది వేసియుండినచో మొదటి చరిత్ర నశించెడిది. రెండు కర్మాగారముల యక్షరములను నొకే యర్థమునఁ జదువరాదనుట యిందలి నీతి.

దస్తరములు లేనిచోఁ దుపాకులే దస్తరములు. ఒక్కొక్క సేకర్త తాను జూచిన తుపాకి సంఖ్యను, గొట్టపుఁ దేదీని, ముద్రలను, దిమ్మరూపమును, చూపుగుఱుల రకమును వ్రాసి, యితరుల లెక్కలతోఁ గలుపుచుండఁగా వందలకొలఁది పంక్తులు చేరును. అప్పుడు ఫలానిసంఖ్యవఱకుఁ బాఁత దిమ్మ, అటుపిమ్మటఁ గ్రొత్త దిమ్మ యని మేరలు తేలును. ఇట్లు సంఖ్యలనుండి చేయు ననుమాన మెంత బలవంతమో ద్వితీయ ప్రపంచయుద్ధమున ఋజువైనది. జర్మనులు నెల కెన్ని ట్యాంకులు చేయుచున్నారో తెలిసికొనుటకు మిత్రపక్షపుఁ బండితులు పట్టుబడిన ట్యాంకుల భాగములపై క్రమసంఖ్యలను బరిశీలించిరి. 1942 ఆగస్టు నెలకు వేగులవారు చెప్పిన లెక్క 1,550. సంఖ్యలనుండి గణించిన లెక్క 327. యుద్ధానంతరము జర్మను దస్తరములఁ జూడఁగా నిజమైన లెక్క 342. ఈ వృత్తాంతమును రగుల్సు, బ్రోడీ యను వారు 1947లోఁ బ్రకటించిరి.

అయినను నీ యనుమానమునకు నుపాధి కలదు. సంఖ్యలు విడువక వరుసగా వేయఁబడినవని తెలిసినపుడే లెక్క సరియగును. కొన్ని కర్మాగారములు సంఖ్యలను గుంపులుగాఁ గేటాయించి, నడుమఁ గొన్నిటిని వాడక విడిచినవి. కావున వరుస యుత్సర్గము, విడుపు అపవాదము; అపవాదమును దెలియక యుత్సర్గమును బ్రయోగించినచో పుట్టని తుపాకులు కూడ లెక్కకు వచ్చును.

ఈ పరిశ్రమకు శత్రువులు ముగ్గురు. మొదటివాఁడు మెఱుగుపెట్టువాఁడు. ప్రాఁత యుక్కును క్రొత్తదానివలె మెఱయింపఁగోరి సానపెట్టి, ముద్రల యంచుల నరగఁదీసి, నల్లరంగు మరల పూయును. అక్షరములు కనఁబడుటకని శిలాశాసనమును సుత్తితోఁ జెక్కి లోఁతుచేయువాని సోదరుఁ డీతఁడు. రెండవవాఁడు విడదీయువాఁడు. గొట్టము నొకరికి, దిమ్మ నొకరికి, బోల్టు నొకరి కమ్మినచో నెక్కువ ధనము వచ్చునని తుపాకిని ముక్కలు చేయును. పరస్పరసంవాదము శాశ్వతముగాఁ బోవును. మూఁడవవాఁడు దాఁచువాఁడు. తన తుపాకి సంఖ్యను బయలుపెట్టిన దొంగల భయమనియో, మోసగాం డ్రా సంఖ్యను వాడికొందురనియో జంకి, చివరి యంకెలను మఱుఁగుపఱచి ప్రకటించును. ఇతని భయము నిష్కారణము కాదు. కాని చివరి రెండంకెలు దాఁచినచో మేర నూఱు సంఖ్యల వెడల్పున మసకబాఱును. పూర్తిసంఖ్యను విశ్వాసపాత్రుఁడైన సంకలనకర్తకుఁ దెలిపి, ప్రకటనమున మాత్రము కొన్ని యంకెలను గప్పుట మధ్యమమార్గముగా ననేకులు పాటించుచున్నారు; సొత్తునకును శాస్త్రమునకును దాన నపాయము లేదు.

ఆంధ్రదేశమున బ్రౌనుదొర యొక్క కావ్యమునకుఁ బెక్కు ప్రతులను దెప్పించి, పండితులచే సరిచూపించి పాఠమును నిర్ణయింపించినపుడు పాటించిన మార్గమే యిది. ఏ ప్రతియు నొంటరిగాఁ బ్రమాణము కాలేదు. ఏ ప్రతియు నుపేక్షింపఁబడలేదు. తుపాకుల సంఖ్యలయందును నదే క్రమము. ఊరులేని సంఖ్య యనిశ్చితము. గొట్టముతో సరిపడని సంఖ్య శంకితము. దస్తరముతో నొప్పిన సంఖ్య సిద్ధము. ఊరు, గొట్టము, దస్తరము మూఁడును గలసివచ్చిన సంఖ్య యెండకును మబ్బునకును మోసపోయిన కొలిమివాని కన్నునుగూడ నూఱేండ్లకు మీఁదట సాక్ష్యమునకుఁ బిలువఁగలుగుచున్నది. అందుచేఁ బాఁత తుపాకిని చేతఁ బట్టినవాఁడు ట్రిగ్గరుపై వ్రేలుంచుటకు ముందు రిసీవరుపై నూరిపేరును, దానిక్రింది సంఖ్యను జదువవలెను; చదివినదానిని, నొక్క యంకెయు విడువక, వ్రాసి యుంచవలెను.